సముద్రం లేని రాజుగారి ఓడ

మా కాజీపేట వాళ్లకు ఓడలతో పనేమిటండీ? మాకున్నవన్నీ రైళ్లే. పొద్దున కళ్లు తెరిస్తే కూత, రాత్రి కళ్లు మూస్తే కూత. ఢిల్లీ నుంచి మద్రాసు పోయేవాళ్లంతా మా ఊరి ప్లాట్‌ఫారం మీద ఒక కప్పు చాయ్ తాగి పోవలసిందే. సముద్రం చూడాలనిపిస్తే మాత్రం బెజవాడ దాటి ఏ బందరుకో, చీరాలకో పోవాలి. ఇంటర్ పరీక్షలయ్యేదాకా నేను సముద్రం చూడనే లేదు. చూసిన రోజు కూడా నా మొదటి మాట, "అబ్బ, దీనికి గేటు లేదేంటి!" అని. రైల్వే కాలనీ పిల్లలం మరి!

అలాంటి ఇంట్లోకి మొన్నీమధ్య ఒక ఓడ వచ్చి పడింది. తెచ్చినవాడు ఎనిమిదో తరగతి చదువుతున్న మా అబ్బాయి.

"అమ్మా, నిజాం రాజు పేరుతో యుద్ధనౌక ఉండేదట. నిజమేనా?"

నేను పప్పులో తాలింపు వేస్తున్నాను. బి.ఏ.లో చరిత్ర చదివినదాన్ని, నవలలు రాసి నలుగురిలో పేరు తెచ్చుకున్నదాన్ని. వెనక్కి తిరక్కుండానే తీర్పు చెప్పేశాను. "నిజాంకు సముద్రమే లేదు, ఓడెందుకురా? క్విజ్ పెట్టిన సారు మిమ్మల్ని ఆటపట్టించి ఉంటాడు."

రెండు రోజుల తర్వాత పుస్తకాలు తిరగేసి చూస్తే, ఆటపట్టించింది సారు కాదు, నా డిగ్రీయే అని తేలింది. వాడి ముందు లెంపలు వేసుకున్నాను. ఓడ ఉంది. దాని పేరే 'నిజాం'. రెండో ప్రపంచ యుద్ధంలో మధ్యధరా సముద్రం నుంచి టోక్యో అఖాతం దాకా తిరిగింది. మన ఊళ్లో మాత్రం దాని సంగతి ఎరిగినవాళ్లు నాకు ఒక్కరూ తగల్లేదు.

నేను చెప్పింది పూర్తిగా తప్పు కాదు లెండి. హైదరాబాదు సంస్థానానికి నిజంగానే సముద్రం లేదు. ఒకప్పుడు ఉండేది. గంజాం నుంచి బందరు దాకా ఉన్న ఉత్తర సర్కారులు నిజాముల ఏలుబడిలోనివే. 1766లో చేసుకున్న ఒప్పందంతో వాటిని ఈస్టిండియా కంపెనీకి వదులుకున్నారు. 1788లో గుంటూరు కూడా పోయింది. ఆ తర్వాత నిజాం రాజ్యం నాలుగు వైపులా నేలే. ఉప్పు కూడా బయటినుంచి రావలసిందే. అలాంటి రాజుగారి పేరు పెట్టుకుని, ఉప్పునీళ్లలో ఒక ఓడ దాదాపు ఐదేళ్లు తిరిగిందన్నమాట.

ఆ రాజుగారు ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్. ఆయన పిసినారితనం గురించిన కథలు మన అమ్మమ్మల కాలం నుంచీ ఉన్నవే. జాకబ్ వజ్రాన్ని కాగితాల మీద బరువుగా పెట్టుకున్నారనీ, పాత టోపీతోనే ఏళ్లు గడిపారనీ చెప్పుకుంటారు. 1937లో అమెరికా 'టైమ్' పత్రిక ప్రపంచంలోకెల్లా ధనవంతుడని ఆయన బొమ్మ అట్ట మీద వేసింది. ఇంట్లో ఎలా ఉన్నా, బ్రిటిష్ వాళ్ల యుద్ధాలకు మాత్రం ఆయన చెయ్యి ధారాళం. మొదటి యుద్ధంలో ఒక విమాన దళానికే విమానాలు కొనిచ్చారు. 1918 నాటి ఆ 110వ స్క్వాడ్రన్‌కు 'హైదరాబాద్' అనే పేరు. రెండో యుద్ధంలో 152వ స్క్వాడ్రన్‌కూ, 253వ దానికీ మళ్లీ మన ఊరి పేరే. 152వ దళం చిహ్నంలోనైతే ఏకంగా నిజాంగారి తలపాగాయే ఉంది! 'యార్-ఎ-వఫాదార్', అంటే నమ్మకమైన మిత్రుడు, అని బ్రిటిష్ వాళ్లు ఆయనకిచ్చిన బిరుదు. ఓడ కట్టడానికి కూడా ఆయన పెద్ద మొత్తమే ఇచ్చారు. ఆ కృతజ్ఞతతో దానికి ఆయన పేరు పెట్టారు.

ఇందులో ఒక చిన్న చమత్కారం ఉంది. బ్రిటిష్ నౌకాదళం వాళ్లు ఒక తరగతి ఓడలకు ఒకే అక్షరంతో పేర్లు పెట్టేవారు, మన ఇళ్లలో పిల్లలకు వరసగా 'ర' అక్షరంతోనో 'శ్రీ' తోనో పెట్టుకున్నట్టు. ఆ ఏడాది వంతు ఇంగ్లీషు 'ఎన్' అక్షరానిది. నేపియర్, నెస్టర్, నార్మన్, నేపాల్ అన్న తోబుట్టువుల మధ్య మన నిజాం చక్కగా ఇమిడిపోయింది.

స్కాట్లాండులోని క్లైడ్‌బ్యాంక్‌లో, జాన్ బ్రౌన్ కంపెనీ వాళ్లు 1939 జూలైలో దానికి వెన్నుదూలం వేశారు. 1940 జూలై 4న నీళ్లలోకి దింపారు. ఈ తేదీని కాస్త గుర్తుంచుకోండి, మళ్లీ దీని దగ్గరికే వద్దాం. పొడవు 356 అడుగులు. మా కాజీపేట లెక్కలో చెప్పాలంటే ఐదు రైలు బోగీలంత. వేగం 36 నాట్లు, అంటే గంటకు దాదాపు 67 కిలోమీటర్లు, మన పాసింజరు బండి మంచి ఊపులో ఉన్నంత. ఆరు ఫిరంగులు, రెండు వందల పైచిలుకు మనుషులు. ఓడ సొత్తు బ్రిటిష్ నౌకాదళానిది, పేరు హైదరాబాదుది, నడిపింది మాత్రం ఆస్ట్రేలియా నావికులు. ఇల్లొకరిది, ఇంటిపేరొకరిది, కాపురమొకరిది!

ఇంతకీ ఆ ఓడ చేసే పని ఏమిటి? యుద్ధనౌక అనగానే మనకు సినిమాల్లోలా ఢాం ఢాం అని ఫిరంగులు పేల్చుకోవడమే గుర్తొస్తుంది. డెస్ట్రాయర్ బతుకులో అది కొంతే. మిగిలినదంతా కావలి పని. మేడారం జాతరకు పాతరోజుల్లో బండ్లు ఎలా పోయేవో పెద్దవాళ్లు చెప్పగా వినే ఉంటారు. ఒక్క బండి అడవిలో పోదు. ఊరి బండ్లన్నీ ఒక బారు కడతాయి. ముందొకడు, వెనకొకడు దుడ్డుకర్రా లాంతరూ పట్టుకుని నడుస్తారు. పులి అలికిడైతే వాళ్లే ముందుకు దూకాలి. సముద్రం మీద బండ్ల బారునే కాన్వాయ్ అంటారు. తిండిగింజలు, నూనె, మందుగుండు, సైనికులు నిండిన ఓడలు మెల్లగా, బరువుగా పోతుంటాయి. చుట్టూ డెస్ట్రాయర్లు గొర్రెల మందను కాసే కుక్కల్లా తిరుగుతుంటాయి. ఇక్కడ పులి నీళ్ల అడుగున ఉంటుంది, అదే సబ్‌మెరైన్. దాన్ని కనిపెట్టడానికి నీళ్లలోకి 'టింగ్' మని ఒక శబ్దం పంపుతారు. దేనికైనా తగిలితే అది తిరిగి వినిపిస్తుంది. సంతలో కుండ కొనేటప్పుడు వేలితో కొట్టి చెవి పెట్టి వింటామే, ఆ విద్యే. తగిలిందని తోస్తే మందుగుండు పీపాలు నీళ్లలోకి దొర్లిస్తారు.

ఈ కావలిలో గొప్ప ఏముందంటే, ఏమీ జరగకపోవడమే గొప్ప. బారులోని బండ్లన్నీ ఊరు చేరితే కావలివాడి గురించి ఎవరూ మాట్లాడరు. మన ఆడవాళ్ల ఇంటిపని లాంటిదే అనుకోండి!

అయితే నిజాం ఓడ బతుకులో మాట్లాడుకోవలసిన రాత్రులు కొన్ని ఉన్నాయి. అన్నిటికన్నా ముందు చెప్పవలసినవి 1941 మే నెల చివరివి.

గ్రీసు దేశపు క్రీటు దీవి మీద జర్మన్లు విమానాల్లోంచి గొడుగులతో దిగి ఆక్రమించేశారు. బ్రిటిష్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ సైనికులు తినడానికి తిండి, తాగడానికి నీళ్లు సరిగా లేకుండా, కొండలు ఎక్కి దిగి దీవి దక్షిణపు అంచున ఉన్న స్ఫాకియా అనే చిన్న జాలరి పల్లె చేరారు. ముందు సముద్రం, వెనక శత్రువు. పగలైతే ఆకాశం నిండా జర్మన్ విమానాలు. ఓడలు నడిరాత్రి వచ్చి, మూడు గంటలకల్లా కదిలిపోవాలి. తెల్లారేలోగా ఎంత దూరం పారిపోతే అంత ఆయుష్షు.

మే 28 రాత్రి నేపియర్, నిజాం, మరో రెండు డెస్ట్రాయర్లు వెళ్లి ఏడు వందల మందిని తెచ్చాయి. నేపియర్ ఎక్కించుకున్నవాళ్ల పట్టీ చదివితే నాకు నవ్వూ ఏడుపూ రెండూ వచ్చాయి. సైనికులతో పాటు ముగ్గురు ఆడవాళ్లు, ఇద్దరు పిల్లలు, ఒక చైనా మనిషి, ఒక కుక్క! అంత చావులోనూ ఎవరో కుక్కను చంకలో పెట్టుకుని పడవ ఎక్కారు, ఎవరో దాన్ని దించెయ్యమనలేదు, ఇంకెవరో దాని పేరున పట్టీలో ఒక లెక్క కూడా రాశారు.

మే 30 రాత్రి మళ్లీ నాలుగు బయలుదేరాయి. ఒకదానికి యంత్రం చెడింది, ఇంకొకదానికి పక్కనే బాంబు పడింది. ఆ రెండూ వెనక్కి తిరిగాయి. మిగిలింది నేపియర్, నిజాం. నాలుగు ఓడల జనాన్ని రెండు ఓడలు ఎత్తుకోవాలి. ఒక్కొక్కటి దాదాపు ఏడేసి వందల మందిని ఎక్కించుకుంది. రెండు వందల మంది ఉండవలసిన చోట, ఉన్నవాళ్లు కాక ఇంకో ఏడు వందలు! సంక్రాంతి ముందు రోజు జనరల్ బోగీ ఎక్కినవాళ్లకు చెప్పక్కర్లేదు. తెల్లారాక విమానాలు రానే వచ్చాయి. బాంబులు పక్కన పడ్డాయి, దెబ్బలు తగిలాయి. అయినా రెండూ అలెగ్జాండ్రియా చేరాయి. ఒడ్డున వేలమంది మిగిలిపోయి జర్మన్లకు చిక్కారు. వెళ్లిన పద్నాలుగు వందల మందికి మాత్రం ఆ రాత్రి 'నిజాం', 'నేపియర్' అన్న పేర్లు దేవుడి పేర్లతో సమానమై ఉంటాయి.

ఆ ఏడే ముట్టడిలో ఉన్న టోబ్రుక్ రేవుకు చీకటి రాత్రుల్లో మనుషుల్నీ సరుకునూ మోసింది. 1942 జనవరిలో 'ఇండామిటబుల్' అనే విమాన వాహక నౌక 48 హరికేన్ విమానాలను జావా వైపు తీసుకుపోతుంటే దానికి కావలి కాసింది. అవి వెళ్లినా లాభం లేకపోయింది, ఫిబ్రవరి 15న సింగపూరు పడిపోయింది. జూన్‌లో ఆకలితో అలమటిస్తున్న మాల్టా దీవికి తిండి చేర్చడానికి పదకొండు సరుకు ఓడల బారు తూర్పు నుంచి బయలుదేరింది. కావలివాళ్లలో నిజాం ఒకటి. ఒక్క ఓడ కూడా మాల్టా చేరలేదు. బారు మొత్తం వెనక్కి తిరిగింది. తోబుట్టువు నెస్టర్ బాంబు దెబ్బతిని మునిగిపోయింది. కావలి కాసినంత మాత్రాన అన్ని బండ్లూ జాతర చేరవు.

అదే 1942లో ఏప్రిల్ 6న జపాను విమానాలు మన విశాఖపట్నం మీదా కాకినాడ మీదా బాంబులు వేశాయి. విశాఖ జనం మూటలు నెత్తిన పెట్టుకుని పల్లెలకు పరుగెత్తారు. ఆ రోజుల్లోనే బంగాళాఖాతంలో ఇరవైకి పైగా సరుకు ఓడలు మునిగాయి. మన తీరాన్ని కాయడానికి ఆ రోజు ఏ నిజామూ లేదు, ఏ నేపియరూ లేదు. తెలుగువాళ్లకు ఆ యుద్ధం దూరపు కథ అనుకుంటాం గానీ, గుమ్మం దాకా వచ్చి పోయింది.

అన్నట్టు, మన నది పేరుతోనూ ఒక కావలి ఓడ ఉండేది, 'గోదావరి'. దీనిది భారత నౌకాదళమే, అప్పటి రాయల్ ఇండియన్ నేవీ. 1943లో ఇంగ్లండులో తయారై వచ్చి హిందూ మహాసముద్రంలో కాన్వాయ్‌లను కాసింది. 1944 ఆగస్టు 12న సేషెల్స్ దీవుల దగ్గర, బ్రిటిష్ ఓడ 'ఫిండ్‌హార్న్' తో కలిసి జర్మన్ సబ్‌మెరైన్ యు-198ని ముంచింది. అందులోని వాళ్లెవరూ బతకలేదు. దేశం రెండైనప్పుడు ఓడలనూ పంచుకున్నారు. గోదావరి పాకిస్తాను వంతుకు పోయింది. వాళ్లు దానికి పెట్టుకున్న కొత్త పేరేమిటో తెలుసా? 'సింధ్'! బాసర, భద్రాచలం దాటి పారిన మన గోదారమ్మ కరాచీ చేరి సింధు అయింది. ఆడపిల్ల అత్తారింటికి పోయి ఇంటిపేరు మార్చుకున్నట్టు. 'కృష్ణ' ఓడ మాత్రం మనకే మిగిలి, 1981 దాకా సేవ చేసింది.

మళ్లీ నిజాం దగ్గరికి వద్దాం. హిందూ మహాసముద్రంలో రెండేళ్లకు పైగా కావలి తిరిగాక, 1945 ఫిబ్రవరిలో ఆస్ట్రేలియా నైరుతి కొసన లూవిన్ అగ్రం దగ్గర దానికి ఒక గండం వచ్చింది. శత్రువు కాదు, బాంబు కాదు, ఒక కెరటం. ఎక్కడినుంచో లేచి వచ్చిన ఒక్క పెద్ద కెరటం ఓడను దాదాపు పక్కకు పడుకోబెట్టింది. ఓడ మళ్లీ నిలబడింది గానీ, పదిమంది నావికులు సముద్రంలో కొట్టుకుపోయారు. క్రీటు బాంబుల్లోంచి నెగ్గుకొచ్చిన ఓడ, సొంత దేశం గట్టు దగ్గర పదిమందిని పోగొట్టుకుంది. ఆ తల్లులకు తంతి వెళ్లినప్పుడు అందులో 'నిజాం' అన్న మాట ఉండే ఉంటుంది. అది ఎవరి పేరో, ఏ దేశం పేరో వాళ్లకు తెలిసి ఉంటుందా?

తర్వాత ఓకినావా యుద్ధం. 1945 సెప్టెంబరు 2న జపాను లొంగుబాటు పత్రం మీద సంతకాలు పెట్టినప్పుడు టోక్యో అఖాతంలో లంగరు వేసిన ఓడల్లో నిజాం కూడా ఉంది. అక్టోబరులో ఆస్ట్రేలియా వాళ్లు దాన్ని బ్రిటిష్ వాళ్లకు అప్పగించేశారు. మళ్లీ సముద్రం ఎక్కలేదు. 1955లో పాత ఇనుముకు అమ్మేశారు. అప్పటికే ఇక్కడ రాజ్యమూ లేదు. 1948 సెప్టెంబరులో హైదరాబాదు భారతదేశంలో కలిసింది.

ఇప్పుడు ఆ తేదీ. 1940 జూలై 4న క్లైడ్ నదిలో నిజాం ఓడ నీళ్లలోకి జారింది. సరిగ్గా ఆరేళ్లకు, 1946 జూలై 4న, మా కాజీపేట నుంచి హైదరాబాదు పోయే దారిలో, పెండ్యాల, ఘన్‌పూర్, రఘునాథపల్లి స్టేషన్లు దాటాక వచ్చే జనగామ తాలూకాలో, కడవెండి అనే ఊళ్లో, విసునూరు దేశ్‌ముఖ్ మనుషులు ఊరేగింపు మీద తుపాకులు పేల్చారు. దొడ్డి కొమరయ్య నేలకొరిగాడు. తెలంగాణ రైతాంగ పోరాటం అక్కడినుంచే మంటలా లేచింది. వెట్టి వద్దు, బలవంతపు లెవీ వద్దు, భూముల నుంచి మమ్మల్ని వెళ్లగొట్టవద్దు అన్నదే ఆ జనం అడిగింది.

ఈ రెండు తేదీలూ కాగితం మీద పక్కపక్కన రాసుకుని చాలాసేపు కూర్చున్నాను. తర్వాత మా నాయనమ్మ దగ్గరికి వెళ్లాను. ఆమెకు తొంభై దాటింది. పుట్టిల్లు జనగామ పక్క పల్లె. చెవులు మందగించాయి గానీ జ్ఞాపకం గట్టిది.

"నాయనమ్మా, నిజాంకు ఓడ ఉండేదట" అని గట్టిగా చెప్పాను.

"మన చెరువులనే నీళ్లు లేకపాయె, ఓడ ఏడికెల్లి వచ్చె బిడ్డా?" అని నవ్వింది.

యుద్ధం సంగతి ఎత్తాను. నవ్వు ఆగిపోయింది.

"లడాయి అంటుండ్రి. ఎవలతోని లడాయో మాకేం ఎరుక? గిర్దావరు పట్వారీని ఎంటేసుకొని వస్తుండె, లెవీ కొలువుమని. మా నాయిన పాతరల దాసిన జొన్నలు సుత తోడుకపోయిండ్రు. ఆ ఏడు మేం అంబలి తాగి బతికినం. దొర గడీల మాత్రం గింజ కదలలే."

ఆ జొన్నలే ఓడ అయ్యాయని నేననను. ఓడ సొమ్ము యుద్ధకాలపు లెవీ కంటే ముందుది. ఆ లెక్క వేరు, ఈ లెక్క వేరు. కానీ దివాణం ఖజానా అయినా, రాజుగారి సొంత సర్ఫేఖాస్ అయినా, అందులో పడిన ప్రతి రూపాయి ఏదో ఒక చెల్క దున్నిన మనిషి చేతిలోంచి పోయిందే కదా! దానమిచ్చిన పేరు రాజుగారికి వచ్చింది. బిరుదులూ వచ్చాయి. ఇచ్చినవాళ్లకు తాము ఇచ్చినట్టు కూడా తెలియదు.

అలాగని ఆ ఓడ మీద నాకు కోపం రావడం లేదు. రాకూడదు కూడా. క్రీటు ఒడ్డున చీకట్లో నిలబడ్డ కుర్రవాళ్లను ఎత్తుకొచ్చిన ఇనుము అది. హిట్లరు గెలిస్తే ఎలా ఉండేదో తెలిసిన మనం ఆ యుద్ధంలో ఎవరు ఓడాలో తడుముకోనక్కర్లేదు. నా బాధల్లా ఒకటే. ఒక దేశపు నావికుల ధైర్యాన్ని అక్కడివాళ్లు రాసి పెట్టుకున్నారు, కుక్కతో సహా లెక్క రాశారు. మా నాయనమ్మ నాయన పాతరలోంచి ఎన్ని కుంచాలు పోయాయో ఏ పట్టీలో ఉంది?

నాయనమ్మకు క్రీటు కథంతా చెప్పాను. శ్రద్ధగా విన్నది. పిల్లల దగ్గర, కుక్క దగ్గర ఆపించి మళ్లీ చెప్పించుకుంది.

"కుక్కను సుత ఇడిసిపెట్టలేదా?"

"లేదు."

"మంచోళ్లు" అన్నది. కాసేపు ఊరుకుంది. తర్వాత పక్కకు తిరిగి పడుకుంటూ, "మా దిక్కు రాత్రి ఎవలు రాకపాయిరి బిడ్డా" అన్నది.

మా అబ్బాయి అంతా వింటూనే ఉన్నాడు. తన నోటుబుక్కులో 'జూలై 4' అని రాసుకుని, దాని కింద ఒక పక్క 1940, ఒక పక్క 1946 వేసుకున్నాడు. మర్నాడు బడి నుంచి వచ్చాక అడిగాను, క్విజ్ ఎలా జరిగిందని.

"ఓడ ప్రశ్న అడిగారమ్మా, చెప్పేశాను" అన్నాడు. "రెండోది మాత్రం ఎవరూ అడగలేదు."